షాపు ముందు స్టాండు, మెట్ల మీద అట్టపెట్టెలు: ఎక్కడ ఎంత దారి వదలాలి?

పండగ సీజన్ వచ్చిందంటే బట్టల షాపు ముందు రెండు బొమ్మలు అదనంగా వెలుస్తాయి. ఆఫర్ బోర్డు ఫుట్‌పాత్ మీదికి జరుగుతుంది. లోపల ర్యాకులు చాలక మెట్ల మలుపులో అట్టపెట్టెలు పేర్చేస్తారు. రోజూ చూసేదే కాబట్టి మనకు తప్పుగా అనిపించదు. కరెంటు పోయి పొగ కమ్మినప్పుడు మాత్రం ఆ స్టాండు, ఆ పెట్టెలే అడ్డుగోడ అవుతాయి.

సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16న జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. వాళ్ల ప్రాణాలు తీసింది పొగ. చార్మినార్ దగ్గరి గుల్జార్‌హౌజ్‌లో 2025 మే 18న 17 మంది మరణించిన భవనంలో కింద షాపులు, పైన ఇళ్లు, రాకపోకలకు ఇరుకైన దారి. వీటికి షాపు డిస్‌ప్లేలే కారణమని అనడం లేదు. బయటపడే దారి విలువ ఏమిటో మాత్రం ఈ రెండు ఘటనలూ చూపించాయి.

మరి సరుకు ఎక్కడ పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు? అన్నిచోట్లా ఒకే కొలత ఉండదు. ఆ చోట జనం ఎలా కదులుతారన్న దాన్ని బట్టి లెక్క మారుతుంది.

ఫుట్‌పాత్ మీద...

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన పాదచారుల మార్గదర్శకాల (ఐఆర్‌సీ 103) ప్రకారం ఫుట్‌పాత్‌పై నడిచేందుకు కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు వరకు ఏ అడ్డూ ఉండకూడదు. వాణిజ్య ప్రాంతాల్లో ఈ వెడల్పు 2.5 మీటర్లు. రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేందుకు కావాల్సిన చోటు 1.8 మీటర్లు.

ఎత్తు గురించి చెప్పడానికీ కారణం ఉంది. చూపు లేనివారి చేతికర్ర నేల దగ్గరున్న వస్తువును పసిగడుతుంది. గోడ నుంచి ఛాతీ ఎత్తులో ముందుకు పొడుచుకొచ్చిన బోర్డును, షట్టర్‌కు వేలాడదీసిన బ్యాగులను అది పట్టుకోలేదు. తల తగిలాకే తెలుస్తుంది. ఇక ఫుట్‌పాత్ నిండిపోతే మిగతావాళ్లు దిగి నడిచేది బండ్ల మధ్యే. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టం చేసింది.

షాపులు, మాల్స్ లోపల...

జాతీయ భవన నిర్మాణ స్మృతి (ఎన్‌బీసీ 2016) ప్రకారం దుకాణంలో ఏ మూల నుంచైనా 30 మీటర్లలోపే బయటపడే దారి చేరుకోవాలి. ఇది గీత గీసినట్టు కొలిచేది కాదు, మనిషి నడిచే దూరం. మధ్యలో పొడవాటి ర్యాకు అడ్డం పెడితే 20 మీటర్ల దూరం 35 కావచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్లాన్‌లో దారులు సరిగ్గానే ఉంటాయి. ర్యాకులు, ఆఫర్ టేబుళ్లు ఆ తర్వాత వస్తాయి, పండగ పండగకూ స్థానం మారుతుంటాయి.

ఇంకో తప్పు సీలింగ్ దాకా సరుకు పేర్చడం. మంటలు ఆర్పే స్ప్రింక్లర్ నీళ్లు గొడుగులా విచ్చుకోవాలి. అందుకే దాని కింద కనీసం 18 అంగుళాలు ఖాళీ ఉండాలని అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 చెబుతోంది. ఎత్తయిన ర్యాకులను గోడకు బిగించాలి, బరువైన సరుకు కింది అరల్లో పెట్టాలి. పిల్లలు అరలు పట్టుకుని ఎక్కుతారన్నది లెక్కలో ఉండాల్సిందే.

బస్టాండ్లలో...

ఇక్కడ జనం చేతుల్లో సంచులు, సూట్‌కేసులు ఉంటాయి. బస్సు రాగానే ఒక్కసారిగా కదులుతారు. విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో 2023 నవంబర్ 6న ఓ బస్సు ప్లాట్‌ఫాం మీదికి దూసుకొచ్చి ముగ్గురు చనిపోయారు. అలాంటి క్షణంలో వెనక్కి తప్పుకునే చోటు కావాలి. వెనకాల కూల్‌డ్రింక్ ఫ్రిజ్, బిస్కెట్ స్టాండు ఉంటే ఆ చోటు పోయినట్టే. స్టాల్‌కు కేటాయించిన గీత దాటి ఒక్క క్రేట్ కూడా రాకూడదు.

మెట్రో స్టేషన్లలో...

మెట్రో స్టేషన్ల డిజైన్‌కు ఆధారంగా తీసుకునే అంతర్జాతీయ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 130 నిమిషాల్లో లెక్క వేస్తుంది. ప్రమాదం జరిగితే ప్లాట్‌ఫాం 4 నిమిషాల్లో ఖాళీ కావాలి, ప్రయాణికులు 6 నిమిషాల్లో సురక్షిత ప్రాంతానికి చేరాలి. గేట్లు, మెట్లు, ఎస్కలేటర్ల ముందు స్టాల్ పెడితే ఈ లెక్క తప్పుతుంది. చూపు లేనివారికి దారి చూపే పసుపు టైల్స్ మీద ప్రమోషన్ స్టాండు పెట్టడం వాళ్ల దారి మూసేయడమే.

తోపుడు బండ్లను తీసేస్తే సరిపోతుందా?

ఫుట్‌పాత్ అనగానే ముందుగా వేలు చూపించేది తోపుడు బండివైపే. కానీ 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు రక్షణ ఇచ్చింది. సర్వే చేసి, సర్టిఫికెట్ ఇచ్చి, అమ్ముకునే జోన్ చూపించాలి. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి.

లోపల వెయ్యి చదరపు అడుగులున్న షాపు బయట బొమ్మలు పెట్టడం, కేటాయించిన చోట బండి పెట్టుకోవడం ఒకటి కాదు. షాపుకు సరుకు సర్దుకునే చోటు లోపలే ఉంది, బండికి ఆ బండే షాపు. అయితే మెట్ల ముందు, బస్టాప్ దగ్గర బండి పెట్టినా ప్రమాదమే. అందుకే జోన్లు గీసేటప్పుడు ముందు నడిచే దారి కొలిచి, మిగిలిన చోటు వ్యాపారానికి ఇవ్వాలి. మన నగరాల్లో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతోంది.

మీరేం చేయొచ్చు?

షాపులోకి వెళ్లగానే ఎగ్జిట్ బోర్డు ఎక్కడుందో ఒకసారి చూడండి. దాని కింద తలుపుకు తాళం ఉన్నా, ముందు సరుకు ఉన్నా మేనేజర్‌కు చెప్పండి. ఫుట్‌పాత్ ఆక్రమణ అయితే తేదీ, చోటు కనిపించేలా ఫొటో తీసి కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయండి. బస్టాండ్‌లో అయితే స్టేషన్ మేనేజర్, మెట్రోలో అయితే స్టేషన్ కంట్రోలర్‌ను కలవండి. మంటలు, పొగ కనిపిస్తే 101కు గానీ, 112కు గానీ ఫోన్ చేయండి.

షాపు మీదే అయితే పరీక్ష ఇంకా తేలిక. రాత్రి షట్టర్ వేసే ముందు లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చ్ కూడా లేకుండా వెనక మూల నుంచి తలుపు దాకా నడవండి. కాలికి తగిలిన ప్రతి వస్తువునూ తెల్లారేసరికి అక్కడి నుంచి తీసేయండి.