ఎవరు రాసిన ఉత్తరమో

కృష్ణకు వరద వస్తోందంటే ఒకప్పుడు తోట్లవల్లూరు వైపు ఊళ్ళల్లో టముకు వేసేవారు. టముకు వేసే మనిషి ఎవరో, ఎవరి తాలూకో ఊరందరికీ తెలుసు. ఆయన నోట మాట వస్తే చాలు, లంకల్లో పశువుల్ని విప్పుకుని కరకట్ట ఎక్కేవారు. ఇప్పుడా పని చాలావరకు ఫోను చేస్తోంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, దిగువనున్నవాళ్ళు ఫోను టింగుమంటే చాలు ఉలిక్కిపడ్డారు.

వరద తీశాక కూడా ఆ ఫోను ఊరుకోదు. మీ ఖాతా ఈ రాత్రికి ఆగిపోతుందంటుంది. కేవైసీ పూర్తిచేయమంటుంది. మీ మెయిల్లోకి ఎవరో చొరబడ్డారు, వెంటనే ఈ లింకు నొక్కండి అంటుంది. నమ్మాల్సిన కబురుకూ నమ్మకూడని కబురుకూ మోత ఒకటే. ఏది ఏదో చెవి మాత్రం ఎలా పోల్చుకుంటుంది పాపం!

అలాగని వెనకటి రోజులేమీ సత్యయుగం కాదు. పోస్టుకార్డులు వచ్చేవి, గుర్తుందా? ఏదో గుళ్ళో పూజారికి పాము కనిపించి మాట్లాడిందనీ, ఈ సంగతి ఇంతమందికి రాస్తే లాటరీ తగులుతుందనీ, చించి పారేసినవాడు నెత్తురు కక్కుకున్నాడనీ. పత్రికల్లో అంకెల గళ్ళు నింపి పంపితే, మీకు ట్రాన్సిస్టరు వచ్చింది, వీపీపీ విడిపించుకోండి అని జవాబొచ్చేది. విడిపించి చూస్తే ఇటుక ముక్క. ఆశా భయమూ అప్పుడూ ఇవే. వాటిని అమ్ముకు బతికేవాళ్ళూ ఉన్నారు.

కాకపోతే పోస్టుకార్డు నలుగురి చేతులూ మారేది. పోస్టుమేన్ చదివేవాడు, వీధరుగు మీద కూర్చున్న తాతయ్య చదివించుకుని వినేవాడు. ఎవరో ఒకరు “ఇలాంటిది మాకూ వచ్చిందిలే” అని నవ్వేవారు. ఆ నవ్వుతో సగం భయం తీరిపోయేది. మెయిలుకు ఆ అదృష్టం లేదు. దాన్ని మనం ఒక్కళ్ళమే చదువుకుంటాం, అదీ కళ్ళజోడు వెతుక్కునే తీరిక లేకుండా.

మోసగాళ్ళకు కావలసిందీ ఆ ఒంటరితనమే. సీబీఐ నుంచో పోలీసుల నుంచో అంటూ వీడియోలో కనిపించి, డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించేవాళ్ళు మొట్టమొదట చెప్పేమాట ‘ఎవరికీ చెప్పొద్దు’ అనే. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. అయినా రిటైరైన మేష్టార్లు, డాక్టర్లు, బ్యాంకుల్లో జీవితమంతా లెక్కలు చూసినవాళ్ళు కూడా గంటల తరబడి ఆ తెర ముందు కదలకుండా కూర్చున్నారు. తెలివితక్కువై కాదు. పక్కన “ఏమిటది?” అని అడిగే మనిషి లేక.

మన డెల్టా ఊళ్ళల్లో అలాంటి ఇళ్ళు ఎన్నని! పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఎప్పుడో సెలవులకొచ్చిన అబ్బాయి అమ్మకు మెయిలు తెరిచి పెట్టి వెళ్ళాడు. పాస్‌వర్డు పెట్టిందీ అతనే, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చిందీ అతని పాత నంబరే. ఆ నంబరు ఇప్పుడు వాడకంలో ఉందో లేదో అమ్మకు తెలియదు, అతనికి గుర్తులేదు.

ఆ మెయిలు చిన్నదేమీ కాదు. బ్యాంకు స్టేటుమెంట్లు వచ్చేది దానికే. ఏ ఖాతా పాస్‌వర్డు మరిచిపోయినా, కొత్తది పెట్టుకునే దారి ఎక్కువగా దాంట్లోంచే. కరకట్ట ఎంత ఎత్తున్నా గండి పడేది ఒక్కోసారి ఎలుక బొరియ దగ్గరే. అందుకని మెయిలుకు ఇంకెక్కడా వాడని పాస్‌వర్డు పెట్టి, కొత్త ఫోను నుంచి ఎవరు తెరవబోయినా మన ఫోన్లో మరోసారి అడిగేలా చేస్తే ఎంతో నయం. పాస్‌వర్డు గుర్తుండదని పెద్దావిడ దాన్ని పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకుంటే మాత్రం కోప్పడకండి. ఎక్కడో కూర్చున్న దొంగకు ఆ బీరువా కనపడదు.

తెలిసినవారి పేరుతో వచ్చిందని ధీమా పడడానికీ లేదు. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అనే మెయిలు ఫిలిప్పీన్స్‌లో పుట్టి లోకమంతా పాకింది. దాంతో వచ్చిన ఫైలు తెరిచినవారి చిరునామా పుస్తకంలోంచి తానే అందరికీ వెళ్ళింది. బ్రిటన్ పార్లమెంటు కూడా మెయిళ్ళు ఆపుకోవలసి వచ్చింది. నిన్నటిదాకా పొడిపొడిగా మాట్లాడిన ఆఫీసరు ప్రేమిస్తున్నానంటే ఎవరు మాత్రం తెరిచి చూడరు! ఇప్పుడు ప్రేమలేఖ బదులు పెళ్ళి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు వస్తున్నాయి. బంధువులది కదా అని నొక్కితే ఫోనే పరాయిదైపోతుంది. నిజంగా పిలిచినవారైతే ఒక ఫోను చేసి అడిగితే నొచ్చుకోరు.

మోసపోయినవారు డబ్బు పోయిందన్న దిగులు కంటే, నలుగురూ ఏమంటారోనన్న బెంగతోనే ఎక్కువ నలుగుతారు. ఇంత చదువుకుని ఇదేం పని అంటారేమోనని భార్యకు కూడా చెప్పని మనుషులున్నారు. ఆ దాచుకోవడంలోనే విలువైన గంటలు జారిపోతాయి. వెంటనే సైబరు మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేస్తే, డబ్బు ఇంకా చేతులు మారకపోతే, దాన్ని ఆపించే వీలుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ వీలు తగ్గుతుంది.

దూరాన ఉన్న అబ్బాయిలూ అమ్మాయిలూ! ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు, భోజనం చేశారా అని అడిగాక, ఈ వారం ఏం మెయిళ్ళొచ్చాయో కూడా అడగండి. ఒకటి రెండు చదివించుకుని వినండి. మెయిలుకు ఇచ్చిన ఆ పాత నంబరు సంగతి కూడా అప్పుడే చూడండి.