హిరణ్యకశిపుడి వరం, హారీ పాటర్ మచ్చ

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక చిత్రమైన అలవాటుంది. ఆఫీసు క్యాంటీన్లో డ్రాగన్లూ సింహాసనాలూ ఉన్న సీరియల్ గురించి గంటలకొద్దీ వాదించుకుంటాం. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల చేతిలో లావుపాటి ఫాంటసీ నవల కనబడిందో, "ఆ చెత్త పక్కనపెట్టి లెక్కలు చేసుకో" అంటాం. ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. "మా చందమామ ముందు ఈ ఇంగ్లీషు పుస్తకాలెంత" అని నిట్టూర్చేవాళ్ళు. నాకు ఇద్దరితోనూ పేచీనే.

ముందు రెండో రకం సంగతి చూద్దాం. చందమామని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి, పేరైనా వేసుకోకుండా వరసగా ధారావాహికలు రాశారు. మాంత్రికులూ, రాకాసులూ, పాతాళ దుర్గాలూ అన్నీ ఉన్నాయి వాటిల్లో. కానీ నిజం మాట్లాడుకుందాం. ఆ కథల్లో కుర్రాడు మొదటి నెలలో ఎలా ఉన్నాడో ఆఖరి నెలలోనూ దాదాపు అలాగే ఉంటాడు. వాడికి ఆపదలొస్తాయి, అనుమానాలు రావు. పదేళ్ళ పిల్లాడికి అది చాలు. పదిహేనేళ్ళ వాడికి చాలదు.

యంగ్ అడల్ట్ ఫాంటసీ బలమంతా ఇక్కడే ఉంది. 1997లో వచ్చిన మొదటి పుస్తకంలో హారీ పాటర్ పదకొండేళ్ళ వాడు. 2007లో ఏడో పుస్తకం వచ్చేసరికి పదిహేడేళ్ళ వాడు. చదివే పిల్లలూ వాడితో పాటే పెరిగారు. పెద్దవాళ్ళు అబద్ధాలాడతారనీ, మంత్రిగారు కళ్ళెదుటి నిజాన్ని లేదంటాడనీ, మనం ప్రేమించిన గురువుకీ ఒక మచ్చ ఉంటుందనీ ఆ పుస్తకాలు పిల్లలకి దాచకుండా చెప్పాయి. ఆ వయసు ప్రశ్నల్ని ఎగతాళి చెయ్యకుండా విన్నాయి. తెలుగులో మనం ఏం చేశాం? బాలసాహిత్యం అయిపోగానే పిల్లల్ని తీసుకెళ్ళి పెద్దల నవలల మధ్య దింపేశాం. మధ్యలో ఉన్న ఐదారేళ్ళు ఖాళీ. ఆ ఐదారేళ్ళూ మన పిల్లలు కోచింగ్ హాస్టళ్ళలో ఉంటారన్నది వేరే చెప్పక్కర్లేదు.

అలాగని ఈ నవలల్ని నెత్తిన పెట్టుకోమని కాదు. వీటికున్న పెద్ద జబ్బు 'ఎంపికైనవాడు'. కథ మొదలయ్యే సరికే హీరో గొప్పవాడు. రక్తంలోనో, నుదుటి మీదో, జోస్యంలోనో ఆ సంగతి రాసిపెట్టి ఉంటుంది. 2005లో మొదలైన పెర్సీ జాక్సన్ కథల్లో అయితే హీరో ఏకంగా దేవుడి కొడుకు. రౌలింగ్‌కి ఈ చిక్కు తెలుసు. ఆ జోస్యం నెవిల్ అనే ఇంకో పిల్లాడికీ సరిపోయేదని ఆవిడే రాసింది. రక్తశుద్ధి గురించి వాగేవాళ్ళని దుర్మార్గులుగా చూపించింది. అయినా ఆ లోకంలో మాయ పుట్టుకతోనే రావాలి, చదివి తెచ్చుకునేది కాదు. పుట్టుకని బట్టి మనిషిని తూచే జబ్బు మనకి బయటి నుంచి దిగుమతి చేసుకోవాల్సినంత తక్కువగా ఏం లేదు కదా!

రెండో జబ్బు సాగదీత. బ్రిటన్‌లో అచ్చయిన మొదటి హారీ పాటర్ 223 పేజీలు, ఐదోది 766. పుస్తకం అమ్ముడుపోతే ఎడిటర్ కత్తెర మొద్దుబారుతుంది. ఫీచర్లు కలుపుకుంటూ పోయి, ఒక్కటీ తీసెయ్యలేని ప్రాజెక్టుల్లో పనిచేసిన మనకి ఈ రోగం కొత్తేం కాదు.

ఇప్పుడు మా ఊరి మాట. మాది బెజ్జంకి, 2016లో జిల్లాల విభజనప్పుడు కరీంనగర్ నుంచి సిద్దిపేటకి మారిన మండలం. మా గుట్ట మీద ఉన్నది లక్ష్మీనరసింహస్వామి. భక్తి సంగతి కాసేపు పక్కనపెట్టి, ఆ నరసింహుడి కథని ఒక ఇంజనీరు కంటితో చదవండి. హిరణ్యకశిపుడి వరం పక్కా స్పెసిఫికేషన్. మనిషి వల్లా మృగం వల్లా చావకూడదు. పగలూ రాత్రీ కూడదు. లోపలా బయటా కూడదు. అన్నీ రాసుకున్నాడు, అంచులు మాత్రం మర్చిపోయాడు. చావు సరిగ్గా ఆ అంచుల మీద నుంచే వచ్చింది. సంధ్యవేళ, గడప మీద, మనిషీ మృగమూ కాని రూపంలో. మంచి ఫాంటసీ అంటే ఇదే. దాని మాయకి నియమాలుంటాయి, కథ ఆ నియమాల్ని తప్పకుండానే మనల్ని అవాక్కు చేస్తుంది.

పైగా పిల్లా పెద్దా కాని వయసుకి ఆ గడప కన్నా సరైన చోటు ఇంకేముంది? ప్రహ్లాదుణ్ణి చూడండి. తండ్రి కోరిన సిలబస్ చెప్పే గురుకులంలో వేస్తే, అయ్యవార్లు లేని సమయంలో తోటి పిల్లలకి వేరే పాఠం చెప్పాడు. వాడూ పుట్టకముందే ఉపదేశం విన్నవాడే, ఒప్పుకుంటాను. కానీ తండ్రి ముందు నిలబడి కాదన్నది మాత్రం వాడే. ఆ ఒక్క మాట వాడి బదులు ఏ దేవుడూ అనలేదు.

ఉర్సులా లెగ్విన్ 1968లోనే ఈ కీలకం పట్టుకుంది. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో హీరో నల్లటి ఒంటి ఛాయ గల, మేకలు కాసుకునే పల్లెటూరి పిల్లాడు. వాడికీ శక్తి పుట్టుకతోనే ఉంది, కాకపోతే ఆ శక్తి వాణ్ణి కాపాడదు. పొగరుతో ఒక నీడని లోకంలోకి వదులుతాడు, చివరికి దాన్ని తన పేరుతోనే పిలిచి ఎదుర్కోవాల్సి వస్తుంది. అలాంటి పిల్లలు మా గుట్ట కింద లేరా? వాళ్ళ మీద ఒక్క నవల ఎందుకు లేదు?

కాబట్టి మొదటి రకం వాళ్ళకి నేను చెప్పేదొకటే. పిల్ల చేతిలో పుస్తకం లాక్కోకండి. "హీరో ఏం ఎంచుకున్నాడు, వాణ్ణి ఎవరో ఎంచుకున్నారా?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ పుస్తకాన్ని తనే పక్కన పెడుతుంది. ఇక చందమామ వాళ్ళకి: కన్నీళ్ళు తుడుచుకుని ఆ ఖాళీ ఐదేళ్ళ కోసం ఒక్కటి రాయండి. వారాంతాల్లో కోడ్ రాసే ఓపికుంది మనకి, కథ రాసే ఓపిక ఉండదా?