వెలగల గాలితుపాకి కొనదగునా?

మన విద్యార్థులకు గుఱిపందెములయం దాసక్తి హెచ్చుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. 2008వ సంవత్సరమున బీజింగు ఒలింపిక్ క్రీడలలో అభినవ్ బింద్రా పదిమీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీని గెలిచి, వ్యక్తిగత పోటీలలో భారతదేశమునకు తొలి ఒలింపిక్ స్వర్ణపతకమును తెచ్చెను. 2012లో లండనునందు హైదరాబాదువాడగు గగన్ నారంగ్ అదే పోటీలో కాంస్యపతకము నందెను. 2022లో బ్రెజిలునందు జరిగిన బధిరుల ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్ ఇదే పోటీయందు స్వర్ణము గెలిచెను. ఇట్టి వార్తలు విన్న బాలుడు తండ్రి నడుగు మొదటి కోరిక, "నాకును అట్టి తుపాకి కొనిపెట్టుడు" అని. అట్టి తుపాకి వెల రెండులక్షల రూపాయలకు పైమాట. మంగళగిరిలో మగ్గమును నమ్ముకొని జీవించు కుటుంబమున కది అప్పుచేయక దొరకు సొమ్ము కాదు. కావున అంత వెల పెట్టదగునా, తగదా యను ప్రశ్న మనకు వట్టి కాలక్షేపపు చర్చ కాదు.

ముందుగా, ఆ వెలకు మనకు లభించున దేమి? కొన్నివేల రూపాయలకు దొరకు సామాన్యపు గాలితుపాకిలో బలమైన స్ప్రింగు ముషలకమును త్రోయగా గాలి నొక్కుకొని గుండు వెడలును. ఆ త్రోపునకు గుండు గొట్టము దాటకముందే తుపాకి యంతయు కదలును. పట్టుకొను తీరు కొంచెము మారినను గుండు పడుచోటు మారును. జర్మనీదేశపు ఫైన్‌వెర్క్‌బావ్, వాల్టర్ మొదలగు సంస్థల పందెపు తుపాకులలో నట్లు కాదు. ముందే నొక్కి నింపిన గాలి సిలిండరునుండి కొంచెము కొంచెముగా విడుదలయగును; కదలిక దాదాపు ఉండదు. మీట నొక్కుబరువును, భుజమున కానించు భాగమును, చెంప నాన్చు భాగమును మనిషికి తగినట్లు సవరించుకొనవచ్చును. తయారుచేసినవారు తుపాకిని బిగించి పేల్చిచూచి, గుండ్లన్నియు నొకే రంధ్రమున దూరిన కాగితమును పెట్టెలోనే యుంచి పంపుదురు. పదిమీటర్ల దూరమున పది మార్కుల చుక్క వ్యాసము అరమిల్లీమీటరు మాత్రమే; అనగా పెన్సిలుమొనతో పెట్టిన చుక్కయంత. లండనులో రజతమునకును నారంగునకు వచ్చిన కాంస్యమునకును నడిమి భేదము 0.4 మార్కు. అట్టిచోట తుపాకి మేలిమికి విలువ లేదనుట అవివేకము.

అయినను ఆ వెలకు లభించునది యొక్కటే: తుపాకి తనవైపునుండి తప్పు చేయకుండుట. నిలుకడగల చేతిని, అదుపులోనున్న ఊపిరిని, చెదరని మనస్సును ఏ సంస్థయు పెట్టెలో పెట్టి పంపజాలదు. బీజింగులో తుదిపోటీకి ముందు పరీక్షగా పేల్చిన గుండు చుక్కకు బహుదూరము పోయెననియు, గుఱిచూచు పరికరము స్థానము తప్పియుండెననియు బింద్రాయే చెప్పియున్నాడు. లోకమునందలి మేలైన తుపాకులలో నొకటి యాతని చేతనుండెను, అదియే చెడినది. చెదరక దానిని సవరించుకొని, పోటీ తుదిగుండును 10.8కి పేల్చి గెలిచినది మాత్ర మాతని యభ్యాసము.

ఇచ్చట నొక యాక్షేపణ రావచ్చును. "నారంగ్ తలిదండ్రులు స్థలము నమ్మి తుపాకి కొనిపెట్టిరి గదా, దాననే గదా అంతటివాడయ్యెను" అందురు. నిజమే. కాని అప్పటికే యాతడు కొన్నియేండ్లు గుఱి నభ్యసించినవాడు. మఱియొకమాట: స్థలమమ్మి గెలిచినవాని కథ పత్రికల కెక్కును, అమ్మి గెలువనివాని కథ యెవ్వరును వ్రాయరు. ఒక్క గెలుపును చూచి యింటిస్థలము తాకట్టు పెట్టుట వివేకము కాదు.

వెల కొన్ననాటితో తీఱదనుటయు గమనింపవలయును. పోటీలో పేల్చవలసిన గుండ్లు అరువది. దినమున కరువది చొప్పున నెలకు ఇరువదియైదు దినములభ్యసించినచో పదునైదువందల గుండ్లు, అనగా ఐదువందల డబ్బాలు మూడు కావలయును. బిగువైన కోటు, లాగు, బూట్లు వేఱు. గాలి సిలిండరునకు సాధారణముగా పదియేండ్ల గడువుండును. గడువుదాటినదానిని పోటీలలో వాడనీయరు. ఉన్నసొమ్మంతయు తుపాకికే పెట్టి గుండ్లకు తడుముకొనువానికంటె, సామాన్యపు తుపాకితో నిత్యము పేల్చువాడే ముందునకు పోవును.

ఇక నిర్ణయమెట్లు? నాకు తోచిన పరీక్ష యిది. బాలు డొక యేడాది శిక్షణశాలయందలి ఉమ్మడి తుపాకితో నభ్యసించి, ప్రతిదినపు మార్కులను పుస్తకమున వ్రాసికొనవలయును. పిమ్మట అదే తుపాకిని, అవే గుండ్లను నేర్పరియగు పెద్దవాని చేతికీయవలయును. అతడు బాలునికంటె మిక్కిలి యెక్కువ మార్కులు తెచ్చినచో లోపము తుపాకిది కాదు. అతనికిని బాలునికంటె ఎక్కువ రానినాడు లోపము తుపాకిదే. ఆనాడు మంచిదానిని కొనుట దండుగ కాదు. మంగళగిరి నేతపని యెఱిగినవారి కిది క్రొత్తమాట కాదు. అంచు తిన్నగా రానినాడు నేర్పరి మొదట తన చేతిని చూచుకొనును, పిదప మగ్గమును చూచును.

ఆనాడు వచ్చినను ఒక్క తండ్రియే భారము మోయనేల? పాఠశాలయో, ఊరివారి సంఘమో ఒక మంచి తుపాకిని కొన్నచో పదిమంది వంతులవారీగ వాడుకొనవచ్చును. రెండులక్షలు పదిమందికి ఇరువదివేలగును. ఎవరికి తగిన సవరణ లేవో పుస్తకమున గుర్తువ్రాసియుంచిన చాలును. గుండ్లనాపు గట్టి అడ్డుగల పొడుగుపాటి గది యుండిన అభ్యాసము సాగును. పందెమునకు వాడు 0.177 అంగుళపు గాలితుపాకికి, దాని శక్తి 20 జౌళ్లు మించనంతవఱకు లైసెన్సు అక్కఱలేదు. అంతమాత్రమున నది ఆటవస్తువు కాదు; కంటికి తగిలిన కన్ను పోవును. కొండమీది చిలుకలను, కాలువగట్టు కొంగలను కొట్టుటకు కోరువానికి వందరూపాయల తుపాకియు కొనిపెట్టరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్ట మట్టి వేటను నిషేధించియున్నది.

కావున తలిదండ్రులకు నా మనవి యిది: "ఈ తుపాకి మంచిదా?" యని యంగడివాని నడుగకుడు, మంచిదనియే చెప్పును, అది యబద్ధమును కాదు. "నీ మార్కుల పుస్తకమేది?" యని కుమారుని అడుగుడు, కుమార్తె నడుగుడు. ఆ పుస్తకము నిండినపిమ్మట వెలను గూర్చి యోచింపవచ్చును.