గొట్టం పోయే దారిలో స్త్రీలు

సహజవాయువును దేశాలు దాటించడానికి ఏ దారి ఎంచుకోవాలన్నది కేవలం సాంకేతిక విషయమంటారు నిపుణులు. దూరం, కొండలు, రవాణా సుంకం, భద్రత - ఇవీ వాళ్ల లెక్కలు. ఆ భద్రత గొట్టానికే. గొట్టం పోయే ఊళ్లలో ఆడపిల్ల బడికి పోగలదా అన్నది మాత్రం ఆ దేశపు 'ఆంతరంగిక వ్యవహారం'!

తుర్క్‌మెనిస్తాన్ సంగతే చూడండి. సోవియట్ యూనియన్ కూలాక దాని గ్యాసుకు రష్యా మీదుగా పోయే పాత గొట్టాలే దిక్కయ్యాయి. ఇరాన్ దారికి అమెరికా ఆంక్షలు అడ్డం. దక్షిణాసియాకు చేరాలంటే మిగిలింది అఫ్ఘానిస్తాన్. 1996 సెప్టెంబరులో కాబూల్‌ను పట్టుకున్న తాలిబాన్లు స్త్రీలను ఉద్యోగాల నుంచి, బాలికలను బడుల నుంచి వెళ్లగొట్టారు. ఆ తాలిబాన్ల ప్రతినిధులకే 1997 డిసెంబరులో యూనోకాల్ కంపెనీ టెక్సాస్‌లో అతిథి మర్యాదలు చేసింది.

అయితే ఇంత పెద్ద పథకానికి అప్పు పుట్టాలంటే అవతల ప్రపంచం గుర్తించిన ప్రభుత్వం ఉండాలి. అమెరికాలోని స్త్రీవాద సంఘాలు సరిగ్గా అక్కడే పట్టుకున్నాయి. తాలిబాన్లను గుర్తించవద్దని ఉద్యమించాయి. 1998 డిసెంబరులో యూనోకాల్ తప్పుకుంది. చమురు ధరలు పడిపోవడం, బిన్ లాడెన్ భయం పెద్ద కారణాలే. కానీ స్త్రీల ఒత్తిడినీ ఒక కారణంగా పాత్రికేయుడు అహ్మద్ రషీద్ నమోదు చేశాడు.

అదే దారి మళ్లీ తెరుచుకుంటోంది. 2010లో నాలుగు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. హెరాత్, కందహార్, క్వెట్టా, ముల్తాన్ మీదుగా పంజాబ్‌లోని ఫాజిల్కా దాకా సుమారు 1,800 కిలోమీటర్లు. ఏటా 3,300 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు. 2021లో తాలిబాన్లు తిరిగొచ్చారు. ఆరో తరగతి దాటిన బాలికలకు బడి లేదు, 2022 డిసెంబరు నుంచి విశ్వవిద్యాలయమూ లేదు. అయినా 2024 సెప్టెంబరులో హెరాత్ వైపు పనులు మొదలయ్యాయి. 2025 జూలైలో రష్యా తాలిబాన్లను గుర్తించింది. అక్టోబరులో ఢిల్లీ వచ్చిన వాళ్ల విదేశాంగ మంత్రి మొదటి విలేకరుల సమావేశానికి స్త్రీలను రానివ్వలేదు. గొడవయ్యాక ఇంకొకటి పెట్టాడు. (గొడవ చేస్తే కదులుతారన్నమాట.)

అఫ్ఘాన్ స్త్రీల పొయ్యికీ ఇంధనం కావాలి కదా అని మిత్రులు నన్ను అడుగుతుంటారు. నిజమే. నేను గొట్టం వద్దనడం లేదు. మన ప్రభుత్వ సంస్థ గెయిల్ ఇందులో వాటాదారు. కొనేవాళ్లం కూడా మనమే. రవాణా సుంకంలో కొంత భాగం బాలికల హైస్కూళ్లు తెరిచాకే చెల్లిస్తామనీ, భూమి పోయిన ఇళ్లలో పరిహారం ఆడవాళ్ల చేతికీ అందాలనీ ఒప్పందంలో రాయించమని విదేశాంగ శాఖను అడగాలి. గ్యాసు పారడం మొదలయ్యాక కాదు, ఇప్పుడే.