క్లచ్ తొక్కే కాలు ఎవరిది?

పని, ఒళ్లు, కులం: 9వ భాగం



ఈసారి లారీ గేర్ల గురించి రాస్తున్నాను. రిజర్వేషన్లు, దాడులు, యూనివర్సిటీలు వదిలేసి వీడికి లారీల గొడవేంటి అనుకుంటారేమో. చివరిదాకా చదవండి, తర్వాత తిట్టండి.

మా పెద్ద బావ 30 ఏళ్లు లారీ నడిపాడు. అనకాపల్లి చుట్టుపక్కల క్వారీల నుంచి రాయి, క్రషర్ల నుంచి కంకర. ఇప్పుడు నేల మీద కూర్చోలేడు. అందరం చాప మీద కూర్చుని తింటుంటే ఆయనకు అక్క ప్లాస్టిక్ కుర్చీ వేస్తుంది. ఎడమ మోకాలు మడత పడదు. కుడి మోకాలు బాగానే ఉంది. రెండు కాళ్లకీ ఒకటే వయసు కదా బావా, ఒకటే ఎందుకు పోయింది అని అడిగాను. "అది క్లచ్చి కాలురా" అన్నాడు. ఇంక వేరే చెప్పక్కర్లేదన్నట్టు.

ఆయన కొడుకు, నా మేనల్లుడు, ఇప్పుడు టిప్పర్ నడుపుతున్నాడు. దానికి క్లచ్ పెడల్ లేదు. బ్రేకు, యాక్సిలేటర్, అంతే. బావకు ఆ బండంటే వెటకారం. "నీ మేనల్లుడు స్కూటీ తోలుతున్నాడ్రా" అంటాడు. మేం నవ్వుతాం. పోయిన నెల మేనల్లుడు జీతం పెంచమని ఓనర్ని అడిగాడు. "అది ఆటోమేటిక్ బండి, ఎవడైనా తోలేస్తాడు. గేరు బండి డ్రైవర్లతో సమానంగా నీకెందుకివ్వాలి?" అన్నాడట ఓనరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా బావ గర్వంగా అన్న మాట, ఓనరు లెక్కగా అన్న మాట, రెండూ ఒకటే. ఒకే మాట కూలోడి నోటా ఓనరు నోటా వచ్చిందంటే అందులో మనం మోసపోయే చోటు ఏదో ఉంది.

ముందు బండి సంగతి. పాత లారీల్లో ఒక్క గేరు మార్చాలంటే రెండుసార్లు క్లచ్ తొక్కాలి. ఒకసారి తొక్కి న్యూట్రల్‌కి తేవాలి. కిందికి దించుతుంటే మధ్యలో యాక్సిలేటర్ ఇవ్వాలి. మళ్లీ తొక్కి గేరులో వెయ్యాలి. లేకపోతే పళ్లు కలవవు, గేరు కీచుమంటుంది. తర్వాత సింక్రోమెష్ వచ్చింది, పవర్ స్టీరింగ్ వచ్చింది, క్లచ్‌కి గాలి సాయం వచ్చింది. తొక్కడం తేలికైంది గానీ తొక్కడం తప్పలేదు.

ఇప్పుడు ఆటోమేటిక్ అని పిలుస్తున్న బరువు లారీల్లో ఎక్కువ భాగం ఏఎంటీ బండ్లు. లోపల అదే క్లచ్, అవే పళ్ల చక్రాలు. కాకపోతే క్లచ్ విడదీయడం, గేరు వెయ్యడం కంప్యూటర్ చెప్తే గాలితో పనిచేసే సిలిండర్లు చేస్తాయి. వోల్వో 2001లో ఐ-షిఫ్ట్ అనే 12 గేర్ల పెట్టె తెచ్చింది, క్లచ్ పెడల్ లేకుండా. మన దేశంలో టాటా, భారత్‌బెంజ్ కూడా ఇలాంటి బరువు బండ్లు అమ్ముతున్నాయి. గనుల్లో తిరిగే పెద్ద డంపర్లలో టార్క్ కన్వర్టర్ ఉన్న పూర్తి ఆటోమేటిక్ ఎప్పటినుంచో ఉంది. అంటే మనిషి మోకాలు చేసే పనిని యంత్రం చెయ్యగలదని చాలాకాలం కిందటే తేలిపోయింది. ఆ యంత్రం ఎవరి బండికి ఎప్పుడు వస్తుందన్నదే తేలలేదు.

ఒకరోజు మేనల్లుడి పక్కన కూర్చుని కశింకోట నుంచి గాజువాక దాకా వెళ్లాను. లంకెలపాలెం దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. మా పక్కన గేరు టిప్పర్ ఒకటి, నిండా రాయి. పదడుగులు కదలడం, ఆగడం. మళ్లీ పదడుగులు. కదిలిన ప్రతిసారీ ఆ డ్రైవర్ ఒళ్లు కొంచెం పక్కకి ఒరిగి, ఎడమ భుజం లేస్తోంది. అతనికి 50 దాటి ఉంటాయి. మా వాడు బ్రేకు మీద నుంచి కాలు తీస్తే బండి దానంతటదే పాకుతోంది. ఇద్దరూ మోసేది ఒకే రాయి. సాయంత్రానికి ఇద్దరి ఒళ్లూ ఒకలా ఉండవు.

ఇప్పుడు గర్వం సంగతి. గేరు బండి తోలడం నిజంగా పెద్ద విద్య. ఇంజను శబ్దం విని గేరు మార్చడం, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఊపు పోకుండా చూసుకోవడం పుస్తకంలో దొరకవు. మా బావ విద్యని నేను తక్కువ చెయ్యను. కానీ విద్య వేరు, నొప్పి వేరు. నొప్పి ఓర్చుకోవడమే గొప్పతనమని మన వాళ్లకి తరతరాలుగా నేర్పారు. మ్యాన్‌హోల్‌లోకి దిగినవాణ్ణి ధైర్యవంతుడంటారు. రక్షణ లేకుండా మనిషిని దించకూడదని 2013 చట్టం చెప్తున్నా ఆ మెచ్చుకోలు మాత్రం ఆగలేదు. ఎండలో రాయి కొట్టేవాణ్ణి గట్టి మనిషంటారు. పొగిడేవాడు ఒక్కడూ ఆ గుంతలోకి దిగడు, ఆ సుత్తి పట్టడు.

ఇంకో సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. గేరు బండి నేర్చుకోవడానికి మా వాళ్లకి స్కూలు లేదు. క్లీనర్‌గా చేరాలి. లారీ కడగాలి, వంట చెయ్యాలి, టైరు మార్చాలి, రాత్రి బండి మీద పడుకుని కాపలా కాయాలి. ఇలా ఏళ్లు గడిచాక డ్రైవర్‌కి దయ కలిగితే ఖాళీ రోడ్డు మీద కాసేపు స్టీరింగ్ ఇస్తాడు. మా బావకి మొదటి డ్రైవరు మూడేళ్లు స్టీరింగ్ ముట్టనివ్వలేదు. ఆయన తాగే గ్లాసు కూడా ముట్టనివ్వలేదు. స్టీరింగ్ మన పేటకే చెందిన ఇంకో డ్రైవరు దగ్గర దొరికింది. మన గేరు బండి గురుకులం ఇదీ. చదువు తలుపు కూడా మూసే ఉండేది. 8వ తరగతి పాసైతేనే రవాణా వాహనం లైసెన్సు అన్న నిబంధనని కేంద్రం 2019లో గానీ తీసెయ్యలేదు.

కాబట్టి "ఎవడైనా తోలేస్తాడు" అన్న మాటకి నేను భయపడను. ఎవడైనా అంటే మన పేట కుర్రాడు ఎవడి గ్లాసూ కడగకుండా నేర్చుకుంటాడు. మన పేట అమ్మాయి కూడా నేర్చుకుంటుంది. అది మంచిదే. ఆ మాట చెప్పి జీతం కొయ్యడమే చెడ్డది.

ఓనర్లు ఈ బండ్లు కొంటున్నది డ్రైవర్ల మీద ప్రేమతో కాదు. కొత్త డ్రైవరు చేతిలో క్లచ్ ప్లేటు తొందరగా కాలిపోతుంది. ప్లేటు మార్చాలంటే డబ్బు, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ నష్టం. గేరు సరైన సమయంలో పడితే డీజిల్ కలిసొస్తుంది. ఈ లెక్కలన్నీ వాళ్ల పుస్తకంలో ఉన్నాయి. మోకాలి చిప్ప ఖర్చు లేదు, ఎందుకంటే అది మా అక్క ఇంటి ఖర్చు.

అభ్యంతరాలు ఉన్నాయి, దాటెయ్యను. ఘాట్‌లో ఈ బండ్లని నమ్మలేం అంటారు సీనియర్లు. క్వారీ బురదలో, నిలువు ఎత్తులో కంప్యూటర్ తికమకపడి గేరు వెనకా ముందూ ఆడించడం నేనూ చూశాను. అప్పుడు డ్రైవరు మాన్యువల్ మోడ్‌లో పెట్టి గేరు పట్టి ఉంచాలి. లోడుతో దిగేటప్పుడు ముందే చిన్న గేరులోకి వచ్చి ఇంజన్ బ్రేకు వేసుకోవాలి. లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కానీ గేరు బండిలో దిగుతూ దిగుతూ గేరు పడక న్యూట్రల్‌లో ఉండిపోతే జరిగేదేంటో ఆ సీనియర్లకే బాగా తెలుసు. తిరుమల ఘాట్ మీద 2022 నుంచి ఆర్టీసీ కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. వాటికి క్లచ్చే లేదు. ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. గేరు పెట్టె చెడిపోతే మన ఊరి మెకానిక్ విప్పి బాగుచేస్తాడు. ఏఎంటీలో సెన్సార్ పోతే కంపెనీ వాళ్ల లాప్‌టాప్ రావాలి. షెడ్డుల్లో నూనె చేతులతో బతికే మెకానిక్కులు మన కులాల వాళ్లు, ముస్లిం కుర్రాళ్లు. వాళ్ల పని పోతుంది. దీనికి జవాబు పాత బండి కాదు. ఆ లాప్‌టాప్ విద్య వాళ్లకి కూడా అందాలి.

మన అనకాపల్లి వాళ్లకి బెల్లం సంగతి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు గానుగని ఎడ్లు తిప్పేవి. తర్వాత ఇంజను వచ్చింది, మోటారు వచ్చింది. ఎడ్ల మెడ మీద బరువు దిగింది. పాకం ఎప్పుడు దించాలో మాత్రం పెనం దగ్గర నిలబడ్డ మనిషే చెప్పాలి. చెరకు ఆడేది మోటారు కదా అని పాకం పట్టేవాడి కూలి కోస్తామంటే బెల్లం మాడిపోతుంది. లారీ కూడా అంతే. 28 టన్నుల బండిని స్కూలు వదిలే వేళ సందులోంచి తియ్యడం, మెత్తటి గట్టు మీద టిప్పర్ పైకెత్తితే పక్కకి ఒరుగుతుందా అని కంటితో చూసి ఆగడం కంప్యూటర్ చెయ్యదు. డ్రైవర్ విద్య ఎడమ కాలిలో లేదు, కంటిలో ఉంది.

పోయిన ఆదివారం బావని బతిమాలి ఆ "స్కూటీ" ఎక్కించాం. ఎక్కడానికే రెండు నిమిషాలు పట్టింది. బండి కదలగానే ఆయన ఎడమ కాలు లేచి, లేని పెడల్‌ని తొక్కింది. ఆగినప్పుడు మళ్లీ తొక్కింది. ఊరు చుట్టి వచ్చేదాకా అంతే. దిగాక మోకాలు రాసుకుంటూ, "ఇది ముందే ఉండేదేట్రా?" అని అడిగాడు. ఉండేది బావా, నీదాకా రాలేదు అని చెప్పలేక ఊరుకున్నాను.

ప్రభుత్వం చెయ్యలేనిదేం కాదు ఇది. 2025 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ సరుకు లారీల క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేశారు. డ్రైవర్ ఒళ్లు కూడా చట్టం పట్టించుకోవాల్సిన విషయమే అని ఒప్పుకున్నట్టే కదా. మోటారు రవాణా కార్మికులకి రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961లోనే చట్టం రాశారు. అంతకుముందే, 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉండి బాబాసాహెబ్ పనిగంటల కోసం పనిచేశారు. కాగితం మనకి కొత్త కాదు. అమలు కోసమే కొట్లాడాలి.

నేను అడిగేవి ఇవి. క్వారీ, ఘాట్ బరువు బండ్లకి క్లచ్ లేని గేరు పెట్టె తప్పనిసరి చెయ్యాలి. జీతం పెడల్ లెక్కన కాదు, గంటల లెక్కన, మోసే బరువు లెక్కన రాసివ్వాలి. ఎస్సీ కార్పొరేషన్ లారీలకి అప్పులివ్వడంతో ఆగకుండా, రెండు రకాల బండ్ల మీదా మన పిల్లలకి జీతమిచ్చి శిక్షణ ఇవ్వాలి. కంపెనీలు ఫాల్టు చదివే పరికరాన్ని, శిక్షణని ఊరి మెకానిక్కులకి ఇవ్వాలి.

విద్యార్థులకి ఒక పని. ఈ వారం మీ ఇంట్లోనో వీధిలోనో ఒక లారీ డ్రైవర్ దగ్గర కూర్చోండి. రోజుకి ఎన్ని గంటలు, ఏ కాలు నొప్పి, ఈఎస్ఐ ఉందా, రాసుకోండి. ఓనర్ దగ్గరికి మా మేనల్లుడు ఒక్కడే వెళ్లాడు కాబట్టి "ఎవడైనా తోలేస్తాడు" అన్న మాటకి జవాబు లేకుండా తిరిగొచ్చాడు. వచ్చేసారి ఆ కాగితాలు పట్టుకుని పదిమందిమి వెళ్తాం.

జై భీమ్.