ప్రజల సొమ్ముకు రహస్యమేమిటి?

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం 10 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడిపించాలని నిర్ణయించింది. ఆ పదింటిలో కర్నూలు జిల్లా ఆదోని, కడప జిల్లా పులివెందుల ఉన్నాయి. ప్రైవేటు చేతికివ్వడాన్ని నేను వ్యతిరేకిస్తాను. అయితే దాన్ని సమర్థించేవాళ్లు కూడా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటుంది: ఒప్పందంలో ఏం రాసుకున్నారో మాకు తెలియాలా, వద్దా?

ఇది కాగితాల గొడవ కాదు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు 100 కిలోమీటర్లు. సుగ్గికి పోయి రక్తహీనతతో తిరిగొచ్చిన గర్భిణికి ఊరి దగ్గర ఆసుపత్రి ఉండటమంటే ప్రాణం నిలవడం. ఉచిత పడకలెన్ని? కాన్పుకు, రక్తానికి, స్కానింగుకు డబ్బు అడగవచ్చా? రోగిని చేర్చుకోకపోతే జరిమానా ఎంత, వేసేదెవరు? వీటికి జవాబులుండేది ఒప్పందంలోనే. దాన్ని చూపించకుండా "సేవలు ఉచితం" అని బోర్డు రాస్తే మనం దేన్ని పట్టుకుని నిలదీయాలి?

ఏ ప్రభుత్వం వచ్చినా ఈ ప్రశ్న పాతదే. 108 అంబులెన్సులు 2005లో మొదలయ్యాయి. వాటిని సత్యం రామలింగరాజు పెట్టిన సంస్థ నడిపింది, 2009లో అది జీవీకే చేతికి వెళ్లింది, తర్వాత బీవీజీ వచ్చింది, 2020లో అరబిందో వచ్చింది. వాహనం మీద పేరు మారినప్పుడల్లా మనకు తెలిసింది. బండి ఎన్ని నిమిషాల్లో రావాలి, రాకపోతే సంస్థ ఎంత కట్టాలి అన్న షరతులు పల్లెలో ఎవరైనా చదివి వినిపించారా?

పోటీ కంపెనీలకు ధరలు తెలిసిపోతాయన్నది వాళ్ల వాదన. టెండర్లు తెరిచిన రోజే పోటీదారులకు ధరలు తెలుస్తాయి. సంతకాలయ్యాక ఇక మిగిలిన రహస్యం ఎవరి దగ్గర? రోగి దగ్గర, పన్ను కట్టేవాళ్ల దగ్గర. వింత చూడండి: ఎన్టీఆర్ వైద్య సేవ అనుమతి కోసం మన రిపోర్టులు, మన శరీరంలోని లోపాలు కంప్యూటర్ల మీదుగా ఎన్ని చేతులు మారినా అభ్యంతరం లేదు. నిజంగా దాచాల్సింది అదీ! కంపెనీ లెక్క మాత్రం గుట్టుగా ఉండాలట.

షరతులు తెలిస్తే ఏమవుతుందో ఢిల్లీ చెబుతుంది. అక్కడ ఇంద్రప్రస్థ అపోలోకు ప్రభుత్వం నామమాత్రపు 1 రూపాయి అద్దెకు 15 ఎకరాలిచ్చింది. మూడో వంతు పడకల్లో పేదలకు ఉచిత వైద్యం చేయాలన్నది షరతు. అది అమలు కావడం లేదని న్యాయవాదుల సంఘం కోర్టుకెక్కింది. 2009లో హైకోర్టు ఆ షరతు పాటించి తీరాలంది. షరతే తెలియకపోతే ఆ కేసు ఎక్కడిది?

చట్టం మన పక్షానే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం 2(ఎఫ్) సెక్షన్ కాంట్రాక్టులను కూడా సమాచారమనే అంటుంది. 8(1)(డి) వాణిజ్య రహస్యాలకు మినహాయింపు ఇచ్చింది నిజమే. కానీ వెల్లడిస్తే పోటీలో ఆ సంస్థకు హాని జరిగేటప్పుడే అది వర్తిస్తుంది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే అప్పుడూ ఇవ్వాలి. నిజంగా దాచదగ్గ వాక్యం ఒకటుంటే దాన్ని తీసేసి మిగతాది ఇవ్వమంటుంది 10వ సెక్షన్. అప్పీలులో, నిరాకరణ సరైనదేనని నిరూపించే భారం అధికారిదే. కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు. తీర్పు చెప్పే అధికారం దానికి లేదు.

"ఆడవాళ్లకు ఒప్పందాలు అర్థమవుతాయా?" అంటారు. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జన సునవాయి పెట్టినప్పుడు కూలీలు మస్టర్ రోళ్లు విని దొంగ పేర్లు పట్టుకున్నారు. మన సీమలోనూ ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో అదే జరిగింది. వంద రోజుల కూలికి గ్రామసభలో లెక్క చెప్పించినప్పుడు, ఏళ్ల తరబడి సాగే ఆసుపత్రి ఒప్పందానికి లెక్క ఎందుకుండదు?

కాబట్టి ప్రతి సంఘమూ ఈ త్రైమాసికంలో ఒక్క దరఖాస్తు పెట్టాలి. సంతకాలైన ఒప్పందం, అనుబంధాలు, చెల్లింపులు, తనిఖీ నివేదికలు, వేసిన జరిమానాలు అడగండి. దారిద్ర్య రేఖకు దిగువనున్నవాళ్లకు రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు చేయండి. స్థానిక భాషను గమనంలో ఉంచుకోవాలని 4వ సెక్షనే చెబుతోంది గనుక తెలుగులో ఇవ్వమనండి. వచ్చిన కాగితాన్ని ఆసుపత్రి గోడకు అంటించండి, రచ్చబండ దగ్గర చదవండి.

ప్రజల సొమ్ము తీసుకునేవాళ్లు ప్రజలకు లెక్క చెప్పాలి. అది ఇష్టం లేనివాళ్లు ఆ సొమ్ము జోలికి రాకూడదు.