అన్నము తినిపించు యంత్రము

హాస్యము పొద్దుపుచ్చుటకే యని తలంచువారు చార్లీ చాప్లిన్ 1936లో వెలువరించిన ‘మోడరన్ టైమ్స్’ చిత్రమును మరల నొక్కమారు చూడవలెను. అప్పటికే టాకీలు లోకమెల్ల నిండియున్నను చాప్లిన్ తన కూలివానికి మాట నీయలేదు. ఆ కర్మాగారమున మాటలు యంత్రములగుండ మాత్రమే వినవచ్చును: తెరమీద యజమాని యాజ్ఞ, గ్రామఫోనులో వర్తకుని ప్రగల్భము. కూలివానికి మిగిలినవి రెండు చేతులే.

కదలిపోవు పట్టీ వెంట వాడు నట్టులు బిగించుచుండును. పని యాగినను వాని చేతు లాగవు. భోజనపు వేళ సైతము వృథాయని, పని నిలువకుండ నోట నన్నము క్రుక్కు యంత్రము నొకదానిని వానిపై పరీక్షింతురు. అది చెడి వాని మూతిని మోదును; మనము విరగబడి నవ్వుదుము. యజమాని దానిని నిరాకరించును, క్రూరమని కాదు, అక్కరకు రాదని!

ఇది వట్టి కల్పన కాదు. హెన్రీ ఫోర్డు 1913లో హైలండ్ పార్కు కర్మాగారమున కదలెడు పట్టీని నెలకొల్పగా, పండ్రెండున్నర గంటలు పట్టు కారు చట్రపు కూర్పు మరుసటి యేటికి గంటన్నరకు దిగినది. కాని 1913లో 14,000 మంది పనివారిని నిలుపుకొనుటకు 52,000 మందికి పైగా చేర్చుకొనవలసి వచ్చెను. చేరినవారు చేరినట్లే విడిచిపోయిరి. 1914 జనవరిలో ప్రకటించిన 5 డాలర్ల దినకూలి కేవలము ఔదార్యము కాదు.

1931 సెప్టెంబరులో లండనున చాప్లిన్ గాంధీమహాత్ముని దర్శించి, యంత్రములపై తమకింత విముఖత యేలయని ప్రశ్నించెను. ఐదేండ్లకు వెలువడిన యీ చిత్రము యంత్రమును తగులబెట్టుమనదు. దాని వేగమును పెంచు మీట యెవని చేత నున్నదని మాత్ర మడుగును.

ఆ మీటను పట్టి యాపుటకే శాసనములు పుట్టినవి. ఐదు గంటల పనికి మించకుండ అరగంట విశ్రాంతి నీయవలెనని 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టము విధించెను. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము దినపు పనిమితిని 10 గంటలకు పెంచుట కంగీకరించినది. పరిశ్రమలు రావలదని మేమనము. కాని వేగమును నిర్ణయించువాడు వేరు, అలసిపోవువాడు వేరు. అలసిపోవువానిని అడుగక మీట త్రిప్పు రాజ్యమునకు, అన్నమును యంత్రముచే క్రుక్కించిన యజమానికి భేద మేమి?